శిల్పారామంలో బేరం



ఇవాళ బేరాల గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. బేరమాడటం మనకెవరూ నేర్పక్కర్లేదు లెండి. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి పట్టుచీర దాకా చెప్పినదాంట్లో సగానికి అడగడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అందులో నేను ఎవరికీ తీసిపోను. అలాంటిదాన్ని, మాదాపూర్ శిల్పారామంలో ఒక మధ్యాహ్నం నోరు మూసుకుని రావలసి వచ్చింది. ఆ సంగతే చెబుతాను.

శిల్పారామం మీలో చాలామంది చూసే ఉంటారు. వెళ్తాం, పిల్లల్ని పడవ ఎక్కిస్తాం, మొక్కజొన్న పొత్తు తింటాం, జత గాజులు కొనుక్కుని వచ్చేస్తాం. అసలు ఆ చోటు ఎందుకు పెట్టేరని ఎప్పుడైనా అడిగేమా? 1992లో ఆ ఆలోచన పుట్టేనాటికి మాదాపూర్ ఊరవతల ఓ పల్లె. చుట్టూ బండలే. సైబర్ టవర్స్ ప్రారంభమయింది 1998లో. అంటే కంప్యూటర్ల మేడలకంటే ముందు అక్కడ తలపెట్టింది చేతిపనుల పల్లెనన్నమాట. లాభాలు పంచుకునే కంపెనీ కాదది. ప్రభుత్వం ఏర్పరచిన సొసైటీ. పని చేసే చెయ్యే సరుకు అమ్ముకోవాలి, మధ్యలో దళారీ ఉండకూడదు అన్నది దాని ఉద్దేశం. లోపల మట్టి గోడల ఇళ్ళు కట్టి, కుమ్మరినీ సాలెవాణ్ణీ నిలువెత్తు బొమ్మలు చేసి కూచోబెట్టేరు. పిల్లలకి అవి చూపించండి. రోకలి అంటే ఏమిటో తెలియని పిల్లలు పెరుగుతున్నారు మన ఇళ్ళల్లో.

సరే, నా కథకి వస్తాను. మేళా జరుగుతోందంటే తోడికోడలితో కలిసి వెళ్ళేను. మెట్రో హైటెక్ సిటీ దాకా 2019లో వచ్చాక ఆ ప్రయాణం సులువైంది. ఒక కొట్లో చేర్యాల ముఖాల జత కనిపించింది. ఎర్రటి బొట్టు, పెద్ద పెద్ద కళ్ళు, ముక్కుకి నత్తు. ఎంత ముద్దుగా ఉన్నాయో! ఆరువందలు అంది కొట్టావిడ. మూడువందలకిమ్మన్నాను. ఆవిడకి కోపం రాలేదు. పీట జరిపి, "కొనకుంటే మానె గాని, జర కూసో అమ్మా, ఎట్ల జేస్తమో చెప్త" అంది.

కూచున్నాను. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, ఉడకబెట్టి జిగురు చెయ్యాలి. ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తే ముఖం తయారవుతుంది. అది ఎండాలి. ఎండాక తెల్లమట్టి పూత, మళ్ళీ ఎండటం, ఆ తర్వాత రంగులు. పటమైతే ఖద్దరు గుడ్డకి గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వెయ్యాలి. ఒక పూత ఆరందే ఇంకోటి వెయ్యకూడదు. వాన ముసురు పట్టిందంటే పని ఆగిపోయినట్టే.

"మరి ఇదంతా ఎవరు చేస్తారమ్మా?" అన్నాను.

"గీసుడు మా ఆయన. నానబెట్టుడు, రుబ్బుడు, పూతలేసుడు నేనే. అది లెక్కల రాదు, ఇంటి పని గదా!" అని నవ్వింది.

ఆ మాటతో నా నోరు పడిపోయింది. మా అబ్బాయి ఆ టవర్ల వేపే ఉద్యోగం చేస్తాడు. ఏ గంటలో ఏం చేసేడో వాడు కంప్యూటర్లో రాసి తీరాలిట. ఆ గంటలన్నిటికీ కంపెనీ అమెరికా వాళ్ళకి బిల్లు వేస్తుందిట. రోడ్డుకి ఇవతల, ఈవిడ రుబ్బిన గంటలకి బిల్లూ లేదు, చిట్టా లేదు. నేను తగ్గించమన్న మూడువందలూ ఎవరి కష్టంలోంచి తగ్గుతాయి? రంగు కొట్టువాడు తగ్గించడు, బస్సువాడు తగ్గించడు. దళారీని తీసేసిన చోట నేను పోయి దళారీనై కూచున్నాను!

ఇంకో సంగతి కూడా చెప్పిందావిడ. పూర్వం ఆ పటాలు గోడకి తగిలించుకునేవి కావు. ముప్పై అడుగులూ, అంతకు మించీ పొడుగుండే గుడ్డ మీద కులపురాణం బొమ్మలు గీయించుకుని, ఊరూరా తిరిగి విప్పి చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం కూనపులి వారు చెప్పేవారు. మాదిగలకి జాంబపురాణం డక్కలివారు. గౌడలకి వేరే కథ, చెప్పేవారు వేరు. పోషించే కులం వాళ్ళంతా తలా ఇంత వేసుకుని కథకుణ్ణి పోషించేవారు, కథకుడు చిత్రకారుడికి ఇచ్చుకునేవాడు. సినిమా, టీవీ వచ్చి కథలు వినేవాళ్ళు తగ్గిపోయేక, ముప్పై అడుగుల పటం ముక్కలై మన హాల్లో చట్రంలోకి ఎక్కింది. తాళంచెవులు తగిలించుకునే బొమ్మ కూడా అయింది. ఇప్పుడు ఆ పనివాళ్ళని పోషించే ఊరంతా మనమే. అందులో నాబోటిది పోయి సగానికి అడుగుతుంది!

అలాగని అక్కడ బేరమే ఆడకూడదని నేననను. మేళాలో కూచున్న ప్రతివాళ్ళూ పనివాళ్ళు కారు. మూటలు కొనుక్కొచ్చి అమ్మే వర్తకులూ ఉంటారు. వాళ్ళ దగ్గర మీ విద్య నిశ్చింతగా చూపించండి. తేడా ఎలా తెలుస్తుందంటారా? ఎలా చేసేరని అడిగి చూడండి. చేసినవాళ్ళయితే చేతులు తిప్పుతూ మొదలుపెడతారు, ఇక ఆపరు. పోచంపల్లి చీరయితే తిరగేసి చూడండి. నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది నేసినది కనక రెండువేపులా పువ్వు ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టుంటుంది. అచ్చు వేసినదైతే మామూలుగా వెనకవేపు వెలవెలబోతుంది. పోచంపల్లి అని చెప్పి అచ్చుగుడ్డ అంటగట్టేవాణ్ణి మాత్రం వదిలిపెట్టకండి.

ఆరువందలూ ఇచ్చి ముఖాలు తెచ్చుకున్నాను. మెట్రో ఎక్కేదాకా మా తోడికోడలు నవ్వుతూనే ఉంది, "నువ్వేనా అక్కయ్యా!" అని. ఇంటికొచ్చి గుమ్మానికి రెండువేపులా తగిలించేను. సాయంత్రం మా వారు వచ్చి చూసి, బాగున్నాయన్నారు. ఎంతన్నారు. చెప్పేను. "అదేమిటి, సగానికి అడగలేకపోయావా?" అన్నారు.

మర్నాడు ఇడ్లీలకి అప్పటికే మినప్పప్పు నానబెట్టి ఉంది. గ్రైండరు స్విచ్చి వేసేను. ఆ చప్పుడులో ఏం చెప్పినా వినబడదు కదా!