తంబి నాయుడు: నేటాల్ గనుల సమ్మె నేర్పిన పాఠం

(పర్సుడీహ్‌లో తెలుగు కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో ఉక్కు కర్మాగారం రూపుదాల్చుతున్న సంవత్సరాలలోనే, సముద్రానికి ఆవల దక్షిణాఫ్రికాలో భారతీయ శ్రమజీవులు జైళ్లు నింపుతున్నారు. ఆ పోరాటానికి 1909లో జంషెడ్జీ టాటా కుమారుడు రతన్ టాటా 25,000 రూపాయల విరాళం పంపారు. దాత పేరు చరిత్రలో నిలిచింది, నిలవడం న్యాయమే. కాని ఆ పోరాటంలో పద్నాలుగుసార్లు కారాగారానికి వెళ్లిన ఒక బండ్ల కాంట్రాక్టరు పేరు మన తరగతులలో వినబడదు. ఆయనే గోవిందస్వామి కృష్ణస్వామి తంబి నాయుడు.

మద్రాసు రాజధాని నుండి వలసపోయిన కుటుంబంలో, 1875లో, మారిషస్‌లో ఆయన జన్మించారు. 1889లో ట్రాన్స్‌వాల్ చేరి, సరుకుల రవాణాతో జీవనం సాగించారు. నాయుడు అనగానే "మనవాడేనా?" అన్న ప్రశ్న మీలో కొందరికి కలుగుతుంది. గాంధీజీ ఆయనను తమిళునిగానే పేర్కొన్నారు. బడి చదువు లేకున్నా ఇంగ్లీషు, హిందుస్తానీ, క్రియోల్ చక్కగా, తెలుగు కొంత, మాట్లాడగలిగేవారని కూడా వ్రాశారు. మేము ఆయనను తెలుగువారి ఖాతాలో వ్రాసుకోదలచలేదు. ఏ బస్తీకి పోతే ఆ బస్తీ భాషలో మాట్లాడగలగడమే ఆయన గొప్పతనం. పది భాషల కార్మికులు ఒకే గేటులో ప్రవేశించే ఈ నగరంలో అంతకుమించిన అర్హత నాయకునికి మరొకటి లేదు.

ఆసియావాసులు వేలిముద్రలిచ్చి నమోదు కావాలన్న ట్రాన్స్‌వాల్ చట్టాన్ని ధిక్కరించి, 1908 జనవరిలో జైలుకు వెళ్లిన తొలివారిలో ఆయన ఒకరు. అక్కడినుండే జనరల్ స్మట్స్‌కు వెళ్లిన రాజీ లేఖపై గాంధీజీతోను, చీనా నాయకుడు ల్యూంగ్ క్విన్‌తోను కలిసి ఆయన సంతకం చేశారు. ఫిబ్రవరిలో గాంధీజీపై దాడి జరిగినప్పుడు అడ్డుపడి తానూ దెబ్బలు తిన్నారు.

అయితే మనకు ముఖ్యమైనది 1913 సంవత్సరం. 1860 నుండి 1911 వరకు ఒక లక్షా యాభైవేల మందికి పైగా గిర్మిట్ కూలీలను నేటాల్‌కు తరలించారు. వారిలో అత్యధికులు మద్రాసు రేవున ఓడ ఎక్కినవారు. ఉత్తరాంధ్ర, చిత్తూరు ప్రాంతాల తెలుగు కూలీలు వారిలో ఉన్నారు. ఒప్పందం అయిదేండ్లు. నెలజీతం మొదటి ఏడు పది షిల్లింగులు. పనికి రాకపోవడమే నేరం. గడువు ముగిసిన కూలీ స్వేచ్ఛగా బ్రతకదలిస్తే ఏటా మూడు పౌన్ల పన్ను చెల్లించాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. అనగా ఆరు నెలల జీతం! చెల్లించలేనివాడు తిరిగి గిర్మిట్‌లో చేరాలి, లేదా ఓడ ఎక్కాలి. ఆ పన్ను లక్ష్యం ఖజానా నింపడం కాదు, చవక కూలీని చేజారనీయకపోవడం. బానిసత్వానికి గొలుసే అవసరం లేదు, లెక్కల పుస్తకం చాలునని యాజమాన్యాలు నాడే గ్రహించాయి.

1913 అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుండి పదకొండుమంది స్త్రీలు తంబి నాయుడుతో కలిసి న్యూకాసిల్ బొగ్గు గనులకు చేరారు. ఆయన భార్య వీరమ్మాళ్ వారిలో ఉన్నారు. చంకన పసిబిడ్డలున్న తల్లులూ ఉన్నారు. వారు కూలీల నివాసాలకు వెళ్లి పన్ను సంగతి విప్పి చెప్పారు. గనులు ఒకటొకటిగా ఆగిపోయాయి. స్త్రీలకు మూడు నెలల కఠిన శిక్ష పడింది. సమ్మె మరింత విస్తరించింది. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచారు. మనిషికి రోజుకు పౌనున్నర రొట్టె, ఔన్సు పంచదార! ప్రభుత్వం వారిని పట్టి తెచ్చి, గనులనే జైళ్లుగా ప్రకటించి, గని సిబ్బందినే జైలు కాపలాదారులుగా నియమించింది. అయినా సమ్మె చెరకు తోటలకు ప్రాకింది. అక్కడ కాల్పులలో కూలీలు ప్రాణాలర్పించారు. 1914లో పన్ను రద్దయింది. గాంధీజీ ఇండియాకు బయలుదేరినప్పుడు తంబి నాయుడు దంపతులు తమ నలుగురు కుమారులను ఆయనకు అప్పగించారు.

దక్షిణాఫ్రికా చరిత్రలో మరొక నాయుడు కూడా ఉన్నారు. జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు మాజీ మంత్రి సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1929 నుండి 1932 వరకు అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటు. నిస్సందేహంగా తెలుగువారు, మేధావి. 1937లో కొంతకాలం మద్రాసు ప్రధానమంత్రి పదవి కూడా నిర్వహించారు. 1932లో కేప్‌టౌన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. అయినా ట్రాన్స్‌వాల్ భారతీయుల భూమి హక్కులను బంధించే చట్టం అదే సంవత్సరం రానే వచ్చింది. వ్యక్తుల యోగ్యతను మేము తూచడం లేదు. వెలుపల పని ఆగనప్పుడు లోపల బల్ల దగ్గర మాటకు బరువుండదన్నదే మా అభిప్రాయం.

1913 పోరాటానికి ఒక పరిమితి కూడా ఉంది. పక్కనే అదే గనిలో పనిచేసే ఆఫ్రికన్ కార్మికుడు ఆ కోర్కెల పత్రంలో లేడు. ఆ గోడ ఉన్నంతకాలం యాజమాన్యానికి బెంగలేదు. 1937లో డర్బన్‌లోని ఫాల్కర్క్ ఇనుప ఫౌండ్రీలో భారతీయ, ఆఫ్రికన్ కార్మికులు కలిసి సమ్మెకు దిగారు. తంబి నాయుడు 1933లోనే కన్నుమూశారు. ఆయన మనుమడు ఇంద్రేస్ నాయుడు వర్ణవివక్షకు వ్యతిరేకంగా పోరాడి, పదేళ్లు రాబెన్ ద్వీపంలో ఖైదు అనుభవించారు. తాత విడిచిన పని మనుమడు అందుకొన్నాడు.

మిత్రులారా! ఈ కథ చెప్పింది పొగడ్త కోసం కాదు. నేడు మన షాపుల్లో, యార్డుల్లో ఒకే కొలిమి వేడిమి ముందు ఇద్దరు నిలబడతారు. ఒకరు శాశ్వత కార్మికుడు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. చెమట ఒకటే, జీతపు చీటీ వేరు. గేట్ పాస్ గడువు తీరేనాటికి వానికి పలికే నోరుండదు. మన కోర్కెల పత్రంలో వాని పేరు ఉన్నదా? వాని బస్తీకి, వాని భాషలో మాట్లాడేందుకు మనలో ఎవరు వెళ్తున్నారు? న్యూకాసిల్‌కు పసిబిడ్డలతో వెళ్లిన ఆ తల్లులు మనలను అడిగే ప్రశ్న ఇదే. ఈ తరగతి ముగిసేలోగా ఏ బస్తీకి ఎవరు వెళ్లేదీ పేర్లతో సహా నిర్ణయించవలసిందిగా కోరుతున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!