చచ్చినా కుట్టే నీలి నత్త

తుపాను వెలిసిందంటే చాలు, శ్రోతల నుంచి మాకు ఒకే తరహా ఉత్తరాలు మొదలవుతాయి. ఇసుకలో నీలంగా మెరిసే పురుగు దొరికిందండీ, పిల్లలు ముచ్చటపడుతున్నారు, ఇంటికి తెచ్చుకోవచ్చా అని. "చచ్చిందే కదా, ఏం చేస్తుంది?" అని చివర్లో ఒక మాట. ఆ మాట దగ్గరే నాకు కోపం వస్తుంది.

అది పురుగు కాదు, గుల్లలేని సముద్రపు నత్త. పేరు గ్లాకస్. మూడు సెంటీమీటర్లు ఉంటే పెద్దదే. ఒంటికి అటూ ఇటూ మూడేసి చోట్ల, వేళ్లు విప్పినట్టు కుచ్చులుంటాయి. గాలి బుడగ మింగి, నీటిమీద వెల్లకిలా తేలుతుంది. మనకు కనిపించే నీలం దాని పొట్ట, వీపు వెండిరంగు. మన రుషికొండ దగ్గర ఆటు సమయంలో రాళ్ల గుంతల్లో పాకే నత్తలు వేరు. ఇది నడిసముద్రపు జీవి, ఒడ్డు దీని ఇల్లు కాదు. గాలి తోస్తేనే వస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత చెన్నై బీసెంట్ నగర్ ఒడ్డుకు అలాగే కొట్టుకొచ్చాయి.

దీని ఆహారం, జెల్లీచేపలా తేలే పోర్చుగీస్ మనోవార్. దాని కుట్టే కణాలను అరగించుకోకుండా తన కుచ్చుల కొసల్లో దాచుకుంటుంది. నత్త ప్రాణం పోయినా ఆ కణాలు పనిచేస్తాయి. తగిలితే చాలు.

ఆమధ్య ఒక పిల్లవాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చారు. చెల్లెలికి చూపిద్దామని అరచేతిలో పెట్టుకుని ఇంటిదాకా నడిచాడట. చెయ్యంతా ఎర్రటి దద్దుర్లు. నాయనమ్మ ముందు ఇసుకతో రుద్దింది, తగ్గకపోతే సున్నం రాసింది, మంట ఇంకా పెరిగింది. వాళ్లమ్మ నాతో అంటున్నది ఒకటే: "అది కదలనే లేదండీ!" కదలకపోతే ఏమిటమ్మా? కుట్టడానికి అది కదలనక్కర్లేదు.

కుడితే రుద్దకండి, సున్నం, పసుపు పెట్టకండి. సముద్రపు నీటితోనే కడగండి. ఆపైన ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. పసివాళ్లకైతే ఆ వేడి ముందు మీ చేత్తో చూడండి. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చూడాలనిపిస్తే ఒంగి చూడండి, ఫోటో తీసుకోండి. చచ్చిందనిపించినా సరే, చేత్తో మాత్రం తాకకండి. ఈ మాట పిల్లలకు బీచికి బయలుదేరేముందే చెప్పండి.