అన్ని విమానములకును ఒకటే రన్‌వే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



2016 మే నెలలో శంషాబాదు విమానాశ్రయమున ఆంటొనోవ్ 225 అను మహావిమానము దిగినది. ఆరు ఇంజనులు గల అట్టి విమానము ప్రపంచమున ఒక్కటే యుండెను. 2022లో ఉక్రెయిన్ యుద్ధమున అదియు నాశనమైనది. ఒక్కదాని కొరకు ఏర్పాటులేల యని శంషాబాదు వారు దానిని త్రిప్పి పంపలేదు. ఎయిర్‌బస్సునకును, బోయింగునకును, చిన్న ఏటీఆర్‌నకును అదే 4,260 మీటర్ల రన్‌వే. 1944లో అనేక దేశములు షికాగోలో చేసికొన్న ఒడంబడిక వలన విమానయానమునకు ఉమ్మడి నియమము లేర్పడినవి. వానిని పాటించు విమానము ఎవరు చేసినదైనను దిగవచ్చును.

కంప్యూటర్ల లోకమునకు ఈ మర్యాద ఇంకను పూర్తిగా రాలేదు. మీట నొక్కగానే ముందుగా మేల్కొని, తక్కిన ప్రోగ్రాములన్నిటికిని ఆధారమై నిలుచుదానిని ఆపరేటింగ్ సిస్టం అందురు. విండోస్ అందరును ఎరిగినది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ వెల లేకయే లభించును, ఎవరైనను మార్చుకొనవచ్చును. కాని ఒకదానికై వ్రాసిన ప్రోగ్రాము సాధారణముగా రెండవదానిపై నడువదు.

ఇది పట్టణము వారి తగవని గ్రామస్థులు తలపరాదు. పెండ్లి శుభలేఖలును, కరపత్రములును, ఇట్టి సంచికలును కూర్చు డీటీపీ దుకాణములు పేజ్‌మేకరునే చిరకాలము నమ్ముకొన్నవి. దాని కడపటి రూపము 2001లో వచ్చినది. దానితో వాడిన పాత ఫాంట్లలో ‘క’ అను అక్షరము యంత్రము దృష్టిలో ‘క’ కాదు. వేరొక గుర్తునకు కేటాయించిన చోట తెలుగు అక్షరపు బొమ్మను కూర్చుండబెట్టినారు. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో శుభలేఖ యంతయు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపగును. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11ను అనేకములైన పాత కంప్యూటర్లు మోయజాలవు. చక్కగా పనిచేయుచున్న యంత్రమును దుకాణదారు పారవేయవలెనా? లినక్స్‌కు మారినచో ఏండ్ల తరబడి కూర్చిన తెలుగు ఏమగును?

కంపెనీలను అడిగినచో, “మీ రెందరున్నారు?” అని అవి ప్రశ్నించును. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. ప్రతి సిస్టముపైనను ప్రోగ్రామును పరీక్షించి, సరిదిద్దుచు నుండుటకు జీతములు పెట్టవలెను. కాని ప్రోగ్రాము లేనందున జనము రారు, జనము రానందున ప్రోగ్రాము రాదు. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదరదు!

ఒకప్పుడు తెలుగు భాషయే ఈ స్థితిలో నుండెను. 1991లో యూనికోడ్ తెలుగు అక్షరములకు స్థిరమైన సంఖ్యల నిచ్చినను, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగునకు చోటు దొరకినది 2001లో, ఎక్స్‌పీ వచ్చిన పిదపనే. ఇతరుల దయకై ఎదురుచూడక తిరుమల కృష్ణదేశికాచారిగారు పోతన, వేమన ఫాంట్లను చేసి ఉచితముగా నిచ్చిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు లినక్స్‌ను తెలుగున పలికించిరి. స్క్రైబస్ అను ఉచిత పుటకూర్పు ప్రోగ్రామునకు అరబ్బీ లిపి కొరకు ఒమాన్ దేశపు వారు చేసిన కృషి తెలుగు ఒత్తులకును పనికివచ్చినది. ఎక్కడి ఒమాన్, ఎక్కడి తెలుగు ఒత్తులు! లోపలి వ్రాత అందరికిని తెరచియుండుట చేతనే ఇది సాధ్యమైనది. మూసియుంచిన ప్రోగ్రాములో అడుగుటయే గతి.

అడుగుటకును పద్ధతి కలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము తెరపైకి రాగానే ఐఫోనులలో ప్రోగ్రాములు కూలిపోయినవి. ఏ అక్షరము, ఏ ఫోను, ఏమి జరిగినది అని లోకమంతయు చాటుటతో ఆపిల్ సంస్థ ఆ నెల 19ననే సవరణ విడుదల చేసినది. “మీ ప్రోగ్రాము బాగులేదు” అని కోపగించినచో ఎవరు వినియుందురు?

కావున డీటీపీ దుకాణదారులును గ్రంథాలయముల వారును వేర్వేరుగా మొరపెట్టుకొనుట మాని, ఏ సిస్టముపై ఏ ప్రోగ్రాము కావలెనో, ఎందరు వెల చెల్లింపనున్నారో ఒక్క కాగితమున వ్రాసి, అందరును సంతకములు చేసి పంపుట మేలు. పరీక్షించి చూచుటకు తామే సిద్ధమని కూడ తెలుపవలెను. అంతకంటె బలమైనది కొనుగోలుదారు షరతు. భారత ప్రభుత్వము 2010లోనే ఈ-పాలనకై బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించినది. పంచాయతీ గాని, పాఠశాల గాని ప్రోగ్రాము కొనునప్పుడు, తెలుగు యూనికోడ్‌లో నుండవలెననియు, ఫైలు ఏ సిస్టముపైనైనను తెరచుకొనవలెననియు రెండు పంక్తులు చేర్చినచో, ఎందరున్నారను ప్రశ్నకు అక్కడనే సమాధానము దొరకును. ఈ రజతోత్సవ సంచికను అచ్చునకు కూర్చిన వారివద్దనుండి యూనికోడ్ ప్రతి నొకదానిని కూడ తీసికొని బీరువాలో భద్రపరచుటతో ఈ పని నేడే ఆరంభింపవచ్చును.