బ్రేకు బిగిస్తే సరిపోతుందా?



బియ్యం ఎన్నాళ్ళు వస్తాయో, గ్యాసు ఎప్పుడు అయిపోతుందో మనకి ఒకరు చెప్పనక్కరలేదు. కాని రోజూ బడికీ, బజారుకీ తిప్పే బండి బ్రేకు ఇంకెన్నాళ్ళు వస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? "అది మగవాళ్ళ వ్యవహారం" అంటారేమో! బండి ఎవరు నడిపినా, దానిమీద కూర్చునేది మనమూ, మన పిల్లలూ కదండీ.

సానమీద అరగదీసే గంధపుచెక్క రోజురోజుకీ తరిగిపోతుంది. బ్రేకూ అంతే. డిస్కు బ్రేకులో చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండువైపులనుంచీ ప్యాడ్లు అదిమి పడతాయి. డ్రమ్ము బ్రేకులో షూలు లోపలినుంచి ఒరుసుకుంటాయి. ఒరిపిడి ఉన్నచోట అరుగుదల తప్పదు.

ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి అనే లెక్క అందరికీ కుదరదు. సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి వెళ్ళే బండికి బ్రేకు త్వరగా అరుగుతుంది. కనుక కంటితో చూడడమే మేలు. టార్చిలైటు వేసి చూస్తే ప్యాడు రేకుకి అంటుకుని ఉన్న పదార్థం కనిపిస్తుంది. అది 2 మిల్లీమీటర్లకి, అంటే రూపాయి బిళ్ళ కంటే కొంచెం మందానికి వచ్చిందంటే మార్చే వేళయినట్లే. చాలా ప్యాడ్లకి గాడి ఉంటుంది. అది చెరిగిపోయినా మార్చవలసిందే. బండితో ఇచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. డ్రమ్ము బ్రేకైతే చాలా బళ్ళకి చక్రం దగ్గర చిన్న బాణం ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం పక్కనున్న గుర్తుని చేరితే షూలు అయిపోయినట్లు.

అసలు చిక్కు ఎక్కడంటే, బ్రేకు వదులైందనగానే నట్టు బిగించేస్తారు. లివరు గట్టిపడుతుంది, మనసు కుదుటపడుతుంది. కాని అరిగింది అరిగినట్లే ఉంటుంది! డిస్కు బ్రేకులోనూ ఇంతే. ప్యాడ్లు అరిగేకొద్దీ హేండిలు దగ్గరి డబ్బాలో ఆయిలు మట్టం దిగుతుంది. చూడకుండా ఆయిలు పోసేస్తే, బండి చేసిన హెచ్చరికని మనమే తుడిచేసినట్లు. ముందు ప్యాడ్లు చూపించండి. అవి బాగుంటే ఆయిలు ఎక్కడ కారుతోందో చూపించండి.

కీచుమనే చప్పుడు దుమ్మువల్లా, తడివల్లా కూడా రావచ్చు. అలాగని తలుపు బందుకి వేసినట్లు నూనె చుక్క మాత్రం వెయ్యకండి; బ్రేకు అసలే పట్టదు. ఇనుముని ఇనుము గీరినట్లు గరగర వినిపిస్తే మాత్రం ఆ పూటే బండి ఆపించాలి. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుదాకా వస్తుంది, ప్రాణానికీ ముప్పే.

2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో 125 సి.సి. దాటిన కొత్త బళ్ళకి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకుని జారకుండా అది కాపాడుతుంది. అరిగిన ప్యాడుకి అది మందు కాదు సుమండీ!

మార్చేటప్పుడు రెండు ప్యాడ్లూ కలిపే మార్పించండి. కొత్తవి మొదట్లో పూర్తిగా పట్టవు. కొన్నాళ్ళు నెమ్మదిగా నడపమని ఇంట్లోవారికి చెప్పండి.

నెలసరుకుల చీటీ రాసుకునే రోజునే టార్చి పట్టుకుని బండి దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. ఈసారి మెకానిక్కు "బిగించేశానమ్మా" అంటే, "ఎంత మందం మిగిలింది బాబూ?" అని అడగండి. సెలవు.