బళ్ళారి రాఘవ: నటుని అభిరుచి, నాటకాభిమానుల బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గుంతకల్లులో రైలెక్కినచో బళ్ళారికి ఒక పూట ప్రయాణమైనను లేదు. 1882లో అనంతపురము వేరు జిల్లా కాకమునుపు ఈ సీమ బళ్ళారి జిల్లాలోనిదే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. కాని నాటకకళ విషయమున ఆ యూరికి ఈ సీమ పడిన ఋణము ఏ లెక్కలోను కొట్టివేయబడలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ అక్కడనే వెలసినవి. ఆ వాతావరణములో పెరిగిన మహానటుడు రాఘవ.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880లో తాడిపత్రిలో జన్మించిరి. ధర్మవరమువారు ఆయనకు మేనమామ. మదరాసులో చదివి, న్యాయశాస్త్రమున పట్టము పొంది, బళ్ళారిలో వకీలుగా స్థిరపడిరి. కూటికి వకీలుపని, ప్రాణమునకు నాటకము. నటనను ఆయన జీవనోపాధిగా పెట్టుకొనలేదు. అందుచేత ప్రేక్షకుడు ఈలవేసినను, చప్పట్లు చరచినను, తనకు నచ్చని పని చేయవలసిన అగత్యము ఆయనకు లేకపోయెను. ఆయన అభిరుచులను తెలిసికొనుటకు ఇది మొదటి తాళపుచెవి.

ఆయనకు నచ్చనివి ముఖ్యముగా మూడు. రాజు చనిపోవుచున్నను, రాణి విలపించుచున్నను, కథ నాపి గడియసేపు రాగము తీయుట మొదటిది. సభవారు "వన్సుమోర్" అనగానే చచ్చినవాడు లేచి మరల పద్యము పాడి మరల చచ్చుట రెండవది. స్త్రీపాత్రలను పురుషులే ధరించుట మూడవది. ఈ మూడును నాటి రంగస్థలమునకు ఆయువుపట్లవంటివి. వానినే ఆయన ప్రశ్నించిరి.

మూడవదానిని గూర్చి ఒకమాట చెప్పవలెను. స్త్రీపాత్రధారణలో స్థానం నరసింహారావుగారివంటి అద్వితీయులున్న కాలమది. వారి ప్రతిభను కాదనువారు లేరు. అయినను స్త్రీహృదయమును స్త్రీయే రంగముపై పలుకవలెనని రాఘవ పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవిగారివంటి విద్యావతులతో కలసి నటించిరి. కులస్త్రీ నాటకమాడుట అపచారమని లోకము చెవులు కొరుకుకొను దినములలో ఇది సామాన్యమైన సాహసము కాదు. ఆ సాహసమునకు వెల చెల్లించినది రాఘవ ఒక్కరే కాదు. ఆ స్త్రీలు ఆయనకంటె ఎక్కువ చెల్లించియుందురు.

ఇక ఆయనకు నచ్చినదేమి? పాత్రయొక్క మనస్సు. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పెను. కిరీటము, గద, మీసము ఆహార్యము. అది అద్దెకు దొరకును. పద్యము వాచికము. అది గురువువద్ద దొరకును. చేతుల కదలిక ఆంగికము. అభ్యాసముచే అబ్బును. కన్నీరు, గగుర్పాటు, కంఠము వణకుట, ముఖము వెలవెలబోవుట మున్నగునవి సాత్త్వికములు. ఇవి అద్దెకు దొరకవు. మనస్సు ఏకాగ్రమై పాత్రలో నిలిచిననే పుట్టునని శాస్త్రము. రాఘవ సాధన యంతయు ఈ నాలుగవదానికొరకే. ఆయన ధరించిన దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, కోలాచలమువారి నాటకములోని పఠాను రుస్తుము కేవలము అరచు దుష్టులుగాక, అభిమానముగల మనుష్యులై తోచినందుకు కారణ మిదియే. దినమంతయు న్యాయస్థానమున వాదిని, ప్రతివాదిని, సాక్షిని, ముద్దాయిని చూచినవానికి, తప్పుచేసినవాడును తన పక్షమున న్యాయమున్నదనియే తలచునను సంగతి ఎరుకపడి యుండునని ఊహించుట తప్పుకాదు.

ఆయన 1928లో ఇంగ్లండునకు వెళ్ళి బెర్నార్డు షా ప్రభృతులను కలసికొనిరి. తెలుగున పి. వి. రాజమన్నారుగారి "తప్పెవరిది" వంటి సాంఘిక నాటకమును ప్రదర్శించిరి. సినిమాలలో మాత్రము మూడింటనే కనబడిరి. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన "రైతుబిడ్డ" అందొకటి. కిరీటధారియైన దుర్యోధనుడు అందులో నర్సిరెడ్డియను రైతయ్యెను. వాన వచ్చునో రాదోయని ఆకసము చూచు ఈ మెట్టసీమవారికి ఆ పాత్ర పరాయిది కాదు. రాఘవ 1946లో కీర్తిశేషులైరి.

ఇచట ఒక సందేహము పుట్టును. పద్యమును తగ్గింపుమన్న రాఘవ మాట పల్లెలకు పనికివచ్చునా? అక్షరము రానివాడు సైతము భారతకథను గుర్తుంచుకొన్నది పద్యము వలననే గదా! తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయ పద్యములు పాడని గ్రామమేది? అవి తీసివేసినచో రాత్రంతయు మేలుకొని కూర్చుండువా డెవడు?

ఈ సందేహము న్యాయమైనదే. తిక్కన సోమయాజి భారతమును చదివినవారికి సమాధానము దొరకును. ఆ మహాకవి పాత్రలు పద్యములోనే మాటాడును, పద్యములోనే ఎత్తిపొడుచును, పద్యములోనే నిట్టూర్చును. కావున పద్యము అభినయమునకు శత్రువు కాదు. అర్థము తెలియని రాగమే శత్రువు. రాయబారములో కృష్ణుడు సంధి కోరుచున్నాడో, యుద్ధము కోరుచున్నాడో ఎరుగక ఎత్తిన శ్రుతి ఎంత మధురమైనను కృష్ణునిది కాదు, హార్మణీది. ఈ విషయమున రాఘవ మార్గమును కొంత సవరించి గ్రహింపవచ్చును. పద్యము నుండనిండు. కాని పాత్ర పాడవలెను గాని పాటగాడు పాడరాదు.

దీనిలో ప్రేక్షకుని పాలు కూడ ఉన్నది. రసము సహృదయుని యందు పండునని పెద్దలు చెప్పిరి. చచ్చిన పాత్రను లేపి పాడించువాడు సభలో కూర్చున్నవాడే గాని నటుడు కాదు. వన్సుమోర్ కేక మానినచో సగము సంస్కారము సభలోనే జరిగిపోవును. మిగిలిన సగము ఈ గ్రంథాలయములో జరుగవలెను. సుగ్గి ముగిసినపిమ్మట నాటకమాడదలచిన యువకులు హార్మణీవానికి కబురంపకమునుపు, బీరువాలోని పుస్తకము తీసి, తమ పాత్రనే గాక ఎదుటి పాత్రను గూడ మొదటినుండి చివరవరకు చదువుదురు గాక. ఎదుటివాని మాట వినుట నేర్చినవాడే నటుడగును. ఇల్లాండ్రను, ఆడుబిడ్డలను వెనుక వరుసలో చాపమీద కూర్చుండబెట్టుటతో సరిపెట్టక, వారి చేతికిని ఆ పుస్తకము నిత్తురు గాక.

రాఘవ పేరిట కట్టిన కళామందిరము బళ్ళారిలో నున్నది. దానిని చూచివచ్చుట మంచిదే. ఆయన పట్టుపట్టిన విషయమును ఒక్కదానినైనను ఈ గ్రామపు రంగస్థలముపై నిలుపుట అంతకంటె మంచిది.