పీత కష్టాలు పీతవి

(భిలాయ్ సెక్టర్ 4లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



"పీత కష్టాలు పీతవి" అని నవ్వుతూ అనేస్తాం. ఆ కష్టాలేమిటో మాత్రం ఎవరమూ అడగం. జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ ఈ రోజు వాటి గురించే చెబుతాను. మనలో చాలామందిమి కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి పీతల పులుసు రుచి నేను వర్ణించక్కర్లేదు.

నేను చెప్పేది మండపీత సంగతి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లాంటి చోట్ల, బురదలో ఉంటుంది. పగలు బొరియలో దాక్కుని, రాత్రి బయటికొచ్చి నత్తలు, ఆల్చిప్పలు, చిన్న పీతలు, చచ్చిన చేపలు తింటుంది. మొత్తం పది కాళ్లు. ముందు రెండు డెక్కలు. చివరి రెండు తెడ్లలా చదునుగా ఉంటాయి, ఈదడానికి. ఉక్కు నగరంలో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. మన రక్తంలో ప్రాణవాయువును పట్టుకునేది ఇనుము. పీత రక్తంలో ఆ పని రాగి చేస్తుంది. అందుకే అది ఎర్రగా ఉండదు, గాలి తగిలితే నీలంగా కనిపిస్తుంది.

ఇక కష్టాలు. మొదటిది పెంకు. పిల్లాడు ఎదిగితే యూనిఫాం పొట్టిదవుతుంది, కొత్తది కుట్టిస్తాం. పీత ఎదుగుతుంది కానీ దాని పెంకు ఎదగదు. పాతదాని కింద మెత్తని కొత్త పెంకు తయారవుతుంది. అప్పుడు పాతది వెనకవైపు విచ్చుకుంటే, పీత వెనక్కి జరుగుతూ అందులోంచి బయటపడుతుంది. వెంటనే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. కొత్త పెంకు గట్టిపడే దాకా కొన్ని రోజులు డెక్కలకు బలముండదు, పారిపోలేదు. చేపలే కాదు, తోటి పీతలు కూడా తినేస్తాయి. బతుకంతా ఈ గండం మళ్లీ మళ్లీ దాటాల్సిందే. లాభం ఒకటుంది: ఊడిపోయిన డెక్క ఇలా పెంకు మార్చుకున్నప్పుడే తిరిగి వస్తుంది.

రెండోది సంసారం. ఆడపీత పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడే జత కడుతుంది. అందుకని మగపీత కొన్ని రోజుల ముందు నుంచే దాన్ని తన కింద పట్టుకుని తిరుగుతుంది. పెంకు గట్టిపడే దాకా కాపలా కాస్తుంది.

మూడోది సంతానం. తల్లి మడ అడవి వదిలి సముద్రంలోకి వెళ్తుంది. లక్షల కొద్దీ గుడ్లు పెట్టి, పొట్ట కింది మడతలో మోస్తుంది. నారింజ రంగు గుడ్లు పది పన్నెండు రోజుల్లో నల్లబడి పిల్లలవుతాయి. ఆ పిల్లలకు పీత పోలికే ఉండదు. నీటిలో తేలుతూ అయిదుసార్లు రూపు మారి, ఆరో రూపంలో ఒడ్డు వైపు వస్తాయి. దారిలోనే చాలా వరకు చేపల పాలవుతాయి. ఇక్కడి వరి గట్ల పీతకు ఈ బాధ లేదు. దాని గుడ్ల నుంచి నేరుగా బుల్లి పీతలే వస్తాయి. మండపీతకు మాత్రం సముద్రమూ కావాలి, మడ అడవీ కావాలి. అడవి నరికేస్తే, తిరిగొచ్చిన పిల్లలకు ఇల్లుండదు.

మనం చేయగలిగింది చిన్నదే. కొనేటప్పుడు పీతను తిరగేసి చూడండి. పొట్ట మీది మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆ మడత కింద గుడ్లు గుత్తిగా కనిపిస్తే కొనకండి. మరీ చిన్నవాటినీ వదిలేయండి. తేలిగ్గా ఉండి, నొక్కితే లోపలికి పోయేది ఇప్పుడే పెంకు మార్చినది. అందులో కండ తక్కువ, నీళ్లెక్కువ. కొంటే నష్టం మనకే.

బ్యాంకు కుటుంబాలకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. అసలు తినేస్తే వడ్డీ రాదు.

సెలవు.