ఎజెండా చదివే మనిషి కావాలి



నా ఉద్యోగ జీవితమంతా చిన్న పట్టణాల మున్సిపాలిటీల్లో గడిచింది. అందుకని దేశం గురించీ ప్రపంచం గురించీ పెద్ద మాటలు చెప్పడం నాకు చేతకాదు. నాకు బాగా తెలిసింది కౌన్సిల్ హాలు. నెలకోసారి మీ ఊళ్లో ఆ హాలు తలుపులు తెరుస్తారు. కౌన్సిలర్లు వస్తారు, ఛైర్‌పర్సన్ గారు మధ్యలో కూర్చుంటారు, ఒక పక్క కమిషనర్ గారు, ఇంజనీరు గారు, శానిటరీ ఇన్‌స్పెక్టర్, టౌన్ ప్లానింగ్ వాళ్లు. ప్రతి సభ్యుడి ముందూ పిన్ను కొట్టిన కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. అదే ఎజెండా. ఈ రోజు పట్టా అందుకుంటున్న మీతో నేను మాట్లాడేదంతా ఆ కట్ట గురించే.

అందులో ఏముంటుంది? మంచినీటి ప్లాంటుకు ఆలం, బ్లీచింగ్ పౌడరు కొనుగోలు. ఫలానా వార్డులో పగిలిన పైపులైను మరమ్మతుకు అయిన ఖర్చు, రాటిఫికేషన్ నిమిత్తం. కూరగాయల మార్కెట్ ఆశీలు పాట. మున్సిపల్ షాపు గదుల లీజు పొడిగింపు. వేసవిలో ట్యాంకర్ల అద్దె. చెత్త ట్రాక్టర్లకు డీజిల్. వీధికుక్కలకు ఆపరేషన్లు. శ్మశానానికి ప్రహరీ. గుమస్తా అంశం నంబరు చదువుతారు, హాల్లోంచి "ఆమోదం" అని వినిపిస్తుంది, తర్వాతి నంబరుకు వెళతారు. ఇలా నలభై అంశాలు గంటలోపే అయిపోయిన సమావేశాలు నేను చూశాను. ఎక్కువసేపు గొడవ జరిగేది శిలాఫలకం మీద ఎవరి పేరు లేదన్న దాని మీద. బ్లీచింగ్ పౌడరు గురించి ఎవరూ గొంతెత్తరు.

నేను ఆ బ్లీచింగ్ పౌడరు దగ్గరే కాసేపు ఆగుతాను. కాలువలోంచి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుకు, అక్కణ్ణుంచి ప్లాంటుకు వచ్చిన నీళ్లలో ఆలం కలిపితే మట్టి గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఇసుక ఫిల్టర్లలోంచి పోతాయి. చివర్లో క్లోరిన్ కలుపుతారు. ఆ క్లోరిన్ ప్లాంటు దగ్గర ఉంటే సరిపోదు. ఊరి చివర, ఆఖరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే లేత పసుపు రంగు రావాలి. మున్సిపాలిటీలో దాన్ని ఓ.టి. టెస్టు అంటారు. బ్లీచింగ్ పౌడరు బస్తా తేమలో నెలల తరబడి పడి ఉంటే అందులో క్లోరిన్ తగ్గిపోతుంది. అంటే ఆ కొనుగోలు అంశంలో ఎన్ని బస్తాలు, ఎప్పుడు కొన్నారు, ఎక్కడ నిల్వ చేస్తున్నారు అన్నవి చదవాల్సిన విషయాలు. పైపులైను మరమ్మతు అంశం కూడా అంతే. మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. పూటకో గంట వదిలి కట్టేస్తారు. కట్టేసినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపు మురుగుకాలువలోంచి పోతూ, ఎక్కడో ఒక జాయింటు వదులై ఉంటే, బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి, ఏ ఊళ్లోనైనా ఎజెండాలో "పాత పైపులైను మార్పు" అన్న అంశం వాయిదా పడితే నాకు మనసు నిలకడగా ఉండదు.

ఇవన్నీ చిన్న సంగతులని మీకనిపిస్తే, మన రాజ్యాంగం అలా అనుకోలేదు. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన విషయాలు 18 ఉన్నాయి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, మురికివాడల అభివృద్ధితో పాటు వీధిదీపాలు, బస్టాపులు, మరుగుదొడ్లు, శ్మశానాలు, కబేళాలు, జనన మరణాల నమోదు, చివరికి బందెలదొడ్లు కూడా అందులో ఉన్నాయి. దేశపు అత్యున్నత పత్రంలో బందెలదొడ్డికి చోటు దొరికింది. దాన్ని చదివినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. మనిషి రోజు ఎక్కడ గడుస్తుందో తెలిసినవాళ్లు రాసిన జాబితా అది.

మున్సిపాలిటీ సంగతిని ప్రాణంతో సమానంగా తీసుకున్న ఊరు మన దగ్గరే ఒకటుంది. చీరాల. నూరేళ్లకు పైగా కిందట మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. అక్కడున్నది ఎక్కువగా చేనేత పనివాళ్లు, రైతులు. ఈ భారం మేం మోయలేం, మాకు ఈ మున్సిపాలిటీ వద్దు అన్నారు. ప్రభుత్వం వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. హింస లేకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, మున్సిపల్ హద్దు దాటి వెళ్లిపోవడం ఇంకో దారి అన్నారు. జనం రెండో దారి పట్టారు. ఇళ్లకు తాళాలు వేసి, హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే. వాళ్లను నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి వచ్చారు. కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణం అనే నాట్య గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. అంత చదువుకున్న మనిషి వెళ్లి ఒక చిన్న ఊరి పన్ను సంగతి నెత్తికెత్తుకున్నారు, జైలుకు వెళ్లారు.

చివరికి జనం వెనక్కి రావాల్సి వచ్చింది. చీరాలలో నేటికీ మున్సిపాలిటీ ఉంది. అయినా ఆ పోరాటం ఓడిపోయిందని నేననుకోను. తమ దగ్గర వసూలు చేసే డబ్బు ఎందుకు, దాంతో తమకు వచ్చేది ఏమిటి అని ఒక ఊరు ఊరంతా అడిగింది. ఇప్పుడు మనకు ఓటుంది, వార్డుంది, మన తరఫున కౌన్సిలరు ఉన్నారు. అంత హక్కు లేని రోజుల్లో వాళ్లు అడిగిన ప్రశ్నను, ఇంత హక్కున్న మనం నెలకోసారైనా అడగడం లేదు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఊరి సంగతిని చిన్నదిగా చూడని ఇంకో మనిషి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ఆయన పేరు మీరంతా విన్నారు. ఆయన మద్రాసు ప్రధాని, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి కావడానికి చాలా ముందే, 1904లో రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. అప్పటికి ముప్పై దాటిన యువకుడు. ఆయన ప్రజాజీవితం మొదలైంది ఊరి సంగతులతో.

మళ్లీ కాగితాల కట్ట దగ్గరికి వద్దాం. నేను చూసినంతలో, పట్టణాలకు జరిగే నష్టంలో దొంగతనం వాటా కంటే చదవకపోవడం వాటా ఎక్కువ. సమావేశం మొదలయ్యాక చేతికిచ్చే టేబుల్ ఎజెండా అని ఒకటుంటుంది. ముందుగా పంపిన కట్టలో లేని అంశాలు అందులో వస్తాయి. కొన్ని నిజంగానే అత్యవసరం, మోటారు కాలిపోతే నెలాఖరు దాకా ఆగలేం. కానీ లీజు పొడిగింపు అత్యవసరం ఎందుకయింది? అడిగే ఒక్క గొంతు హాల్లో ఉంటే ఆ అంశం వచ్చే నెలకు వెళుతుంది. గజం స్థలం కూడా చేయి మారదు.

ఇంకో సంగతి చెబుతాను. ట్రాఫిక్‌కు అడ్డమని బస్టాండు దగ్గరి తోపుడు బండ్లను తొలగించాలని ఒక అంశం వస్తుంది. దాదాపు ప్రతి ఊళ్లోనూ వస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తి చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఈ రెండు వాక్యాలు తెలిసిన మనిషి ఆ హాల్లో లేచి నిలబడితే, ఇడ్లీ బండి మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఆవిడ మరుసటి రోజు కూడా పొయ్యి వెలిగించుకుంటుంది. మీ తల్లిదండ్రుల్లో అలాంటివాళ్లు ఇక్కడ కూర్చుని ఉండవచ్చు. వాళ్లు కట్టిన ఫీజు డబ్బులతోనే మీరు ఈ పట్టా అందుకుంటున్నారు.

డబ్బు సంగతి కూడా చదివి తెలుసుకోవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు. తెలంగాణలో 2019 చట్టం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. మొక్కలు నాటారా, నాటినవి బతికాయా అన్నది ఆ పద్దు పట్టుకుని ఎవరైనా అడగవచ్చు. పదిహేనో ఆర్థిక సంఘం తన నిధులు కావాలంటే లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని షరతు పెట్టింది. ఆ లెక్కలు తెరిచి చూసేవాళ్లే తక్కువ. కామర్స్ చదివిన పిల్లలు ఇక్కడ ఇంతమంది ఉన్నారు, మీ ఊరి జమాఖర్చులు ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి. షాపు గదుల అద్దె బకాయి ఎంతో చూస్తే, రోడ్డు మీద గుంత ఎందుకు పూడలేదో తెలుస్తుంది.

కెమిస్ట్రీ చదివినవాళ్లు మీ వీధి చివరి కుళాయి దగ్గర ఆ పసుపు రంగు పరీక్ష చేసి, తేదీ వేసి కాగితం మీద రాసి, వార్డు సచివాలయంలో ఇవ్వవచ్చు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు పనిచేస్తున్నాయి. వాటిలో ఎమెనిటీస్ సెక్రటరీగా, శానిటేషన్ సెక్రటరీగా కూర్చున్నది మీకంటే కొన్నేళ్లు ముందు ఇలాంటి వేదికల మీదే పట్టా తీసుకున్న మీ సీనియర్లు. వాళ్లు శత్రువులు కారు. పైనుంచి వచ్చే యాప్‌లు, సర్వేలు, గడువుల మధ్య నలిగిపోతున్న పిల్లలు. లెక్కతో వెళ్లి మర్యాదగా మాట్లాడితే సంతోషిస్తారు.

తెలుగు చదివిన మీకు ఒక విన్నపం. తీర్మానాలన్నీ "కౌన్సిల్ వారి ఆమోదం కొరకు సమర్పించడమైనది" అన్న భాషలో ఉంటాయి. అందులో ఎవరు చేశారు, ఎవరు బాధ్యులు అన్నది వాక్యంలోంచే మాయమైపోతుంది. ఎనిమిదో తరగతి దాకా చదివిన కౌన్సిలరమ్మ ఒకసారి చూడగానే అర్థమయ్యేటట్టు ఆ అంశాన్ని రాయగలిగే మనిషి ప్రతి మున్సిపాలిటీకీ కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కౌన్సిలర్ల స్థానాల్లో సగం మహిళలవే. ఏ వీధిలో ఎన్నింటికి కుళాయి వస్తుందో, ఏ బిందె ఎంతసేపటికి నిండుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంజనీర్లకు కూడా తెలియదు. కానీ ఆ కాగితాల భాష వాళ్లను మాట్లాడనివ్వదు. పక్కన నిలబడ్డ భర్త మాట్లాడతాడు. ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉండి, ముందురోజు రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఎజెండా చదివి పెట్టిన చోట పరిస్థితి మారడం నేను చూశాను. ఆ తల్లి మరుసటి రోజు లేచి "డ్రైను నూటఇరవై మీటర్లని రాశారు, మా వీధే అంత పొడవు లేదు" అంది. హాలంతా నిశ్శబ్దమైంది. ఎం-బుక్కు తెప్పించారు, టేపు పట్టుకుని వీధికి వెళ్లారు, అంచనా మళ్లీ వేశారు.

ఎం-బుక్కు అంటే కొలతల పుస్తకం. చేసిన పనిని అసిస్టెంట్ ఇంజనీరు కొలిచి అందులో రాస్తారు, పై అధికారి మళ్లీ సరిచూస్తారు, అప్పుడే బిల్లు. మీ వీధి పనికి సంబంధించిన అంచనా, ఎం-బుక్కు పేజీ, తీర్మానం నకలు, ఈ మూడూ సమాచార హక్కు చట్టం కింద మీరు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

చివరగా ఒక ఉపయోగకరమైన సంగతి చెప్పి ముగిస్తాను. అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. మున్సిపల్ కౌన్సిల్‌కు 21 చాలు, రాజ్యాంగంలోనే అలా ఉంది. ఈ హాల్లో పట్టాలు తీసుకుంటున్నవాళ్లలో చాలామందికి ఆ వయసు వచ్చేసింది. పోటీ చేయాలనిపించినా, చేసేవాళ్లకు ఎజెండా చదివిపెట్టాలనిపించినా, ముందు మీ పేరు మీ వార్డు ఓటర్ల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్ల పేర్లు చాలాసార్లు గల్లంతవుతుంటాయి. లేకపోతే దరఖాస్తు పెట్టి చేర్పించుకోండి.